గుండు ముందు, మందు వెనక

స్నేహలతను ఒకసారి పలకరిస్తే తల ఊపుతుంది. మళ్ళీ పలకరిస్తే నవ్వుతుంది. వదలకుండా పలకరిస్తేనే నోరు విప్పుతుంది. “దీని నోట్లకెల్లి మాట తియ్యాలంటే చేద ఏసి తోడాలె” అని తల్లి గుర్వమ్మ ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. అలాంటి పిల్లకు, లోపలి సంగతి బయట చెప్పకూడదనే కంపెనీలో పని దొరికింది. గంతకు తగ్గ బొంత అంటారే, అట్లా కుదిరింది.

వాళ్ళ ఊరు కొత్తకోటకు పడమర. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి ఆటో ఎక్కాలి. తండ్రి కురుమయ్యకు గొర్ల మంద ఉంది, కాస్త చెలక ఉంది. తెలంగాణ వచ్చిన ఏడు స్నేహలత పదో తరగతి పాసైంది. వనపర్తిలో పాలిటెక్నిక్‌లో చేరబోతే, తను అనుకున్న సివిల్‌లో సీట్లు అయిపోయాయన్నారు, మెకానికల్ తీసుకొమ్మన్నారు. వద్దని చెప్పాలంటే నాలుగు మాటలు మాట్లాడాలి కదా, అందుకని తీసుకుంది. తీరా చేరాక, ఆకురాయి పట్టి ఇనుపముక్కను నునుపు చేయడం ఆమె ప్రాణానికి నచ్చింది. ఇనుము ఎదురు ప్రశ్న వేయదు.

చదువయ్యాక కొన్నాళ్ళు జడ్చర్లలో పంపుసెట్ల వర్క్‌షాపులో చేసింది. అక్కడి నుంచి షాద్‌నగర్ అవతల ఉన్న ఈ కంపెనీకి వచ్చింది. మిలిటరీ వాళ్ళ యుద్ధ ట్యాంకుల్లో గుండ్లను ఫిరంగిలోకి తనంతట తానే ఎక్కించే మిషను ఇక్కడ తయారవుతుంది.

చేరిన రోజే గేటు దగ్గర ఆమె ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించారు. “లోపల చూసింది బయట చెప్పొద్దు” అన్నాడు సూపర్‌వైజర్ గిరి. ఆయనది దేవరకొండ. చెప్పాల్సింది ఒక్కసారే చెప్తాడు. స్నేహలత ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఊళ్ళో ఎవరైనా “ఏం పని బిడ్డా” అని అడిగితే “ట్యాంకులల్ల బిగించే సామాను” అనేది. అంతే, ఇంకో మాట లేదు.

ఊళ్ళో ట్యాంకు అంటే ఒక్కటే ట్యాంకు. మిద్దె మీద నల్లగా కూర్చుని ఉండే నీళ్ళ ట్యాంకు. “మా బిడ్డ నీళ్ళ ట్యాంకుల కంపెనీల చేస్తది” అని కురుమయ్య నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు. “మాకొకటి సస్తా ధరకు ఇప్పియ్యరాదే” అని వాడకట్టు వాళ్ళు అడిగారు. స్నేహలత తల ఊపింది. కాదని చెప్పడం కంటే తల ఊపడం సులువు. ఆ ఊపుడే తర్వాత ఆమె కొంప మీదికి వచ్చింది.

ఆ మిషను సంగతి కాస్త చెప్పుకోవాలి. పాత రకం ట్యాంకులో నలుగురు మనుషులుండేవాళ్ళు. ఒకడు నడిపేవాడు, ఒకడు గురి చూసేవాడు, ఒకడు వాళ్ళకు పెద్ద. నాలుగోవాడు గుండ్లు ఎత్తి ఫిరంగిలో పెట్టేవాడు. కొలిమిలాంటి ఇనుప డబ్బాలో, బండి గుంతల్లో పడి ఎగురుతుంటే, బియ్యం మూటంత బరువును ఎత్తి పెడుతూ ఉండాలి. కొత్త రకం బండిలో ఆ నాలుగోవాడు లేడు. అతని బదులు బండి అడుగున ఒక రాట్నం ఉంటుంది, జాతరలో పిల్లలెక్కే గుర్రాల రాట్నం లాంటిది. గుర్రాలు ఉండాల్సిన చోట గుండ్లుంటాయి. మీట నొక్కితే రాట్నం తిరిగి, కావలసిన గుండు దగ్గర ఆగుతుంది. ఒక ఇనుప చెయ్యి దాన్ని పైకి లేపుతుంది. వెనక నుంచి గొలుసు తోస్తుంది. మొదట గుండు పోతుంది, దాని వెనక మందు పోతుంది. గుండును అంత దూరం విసిరే బలమంతా ఆ మందులోనే ఉంటుంది. రెండూ సరిగ్గా ఎక్కితే ఫిరంగి తలుపు మూసుకుంటుంది.

డ్రాయింగుల్లో వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి. పని చేసేవాళ్ళకు మాత్రం గుండు గుండే, మందు మందే. పైగా ఫోన్లలో అసలు పేర్లు ఎత్తవద్దని గిరి పెట్టిన నియమం. కొత్తగా చేరినవాళ్ళ చేత “గుండు ముందు, మందు ఎనక” అని ఎక్కాల్లాగా చెప్పించేవాడు. కంపెనీలో అసలు మందు ఎవరూ ముట్టరు. అంతే బరువుగా ఇసుక నింపిన డమ్మీలు పెట్టి చూస్తారు.

తోసే గొలుసు బిగించడం స్నేహలత పని. లోపల జాగా ఇరుకు. సన్నటి మనిషి కాబట్టి భుజం ఒకటి ముందుకు పెట్టి దూరిపోతుంది. ఆ ఇనుప గుహలో ఆమెను ఎవరూ పలకరించరు. చేతిలో స్పానర్, నెత్తి మీద లైటు, తనూ. పండుగ రోజు కూడా అంత హాయిగా ఉండదు ఆమెకు.

నిరుడు చలికాలం మొదట్లో మిషను రాజస్థాన్ ఇసుకలో పరీక్షకు పోవడం ఖాయమైంది. అక్కడ మిలిటరీ వాళ్ళే దాన్ని బండిలో పెట్టుకుని నడిపి చూస్తారు. వెంట వెళ్ళేవాళ్ళలో స్నేహలత పేరు కూడా ఉంది. హైదరాబాదు దాటి ఎరగని పిల్ల. ఎంత సంతోషపడిందో ఎవరికీ చెప్పలేదు గానీ, కొత్త బూట్లు కొనుక్కుని వాటిని హాస్టల్ గదిలోనే తొడుక్కుని తిరిగింది. ఒక్కటే చిక్కు మిగిలింది. గుండు బాగా ఎక్కుతోంది, మందు మాత్రం ఒక్కోసారి సగంలో ఆగిపోతోంది. దాని అంతు చూస్తుండగానే కురుమూర్తి జాతర వచ్చింది. మూడు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చింది.

స్వామి పాదుకలను మోసుకుపోయే ఉద్దాల ఊరేగింపు చూసి వచ్చిన మర్నాడు పొద్దున పెరట్లో నిలబడి పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది. అవతల సుస్మిత, కంపెనీలో మిషను పరీక్షలు చూసే స్నేహితురాలు. లోకంలో స్నేహలత గొంతెత్తి మాట్లాడేది ఒక్క సుస్మితతోనే.

“ఆ, చెప్పవే. గుండు ఎట్లున్నది? మంచిదే. మరి మందు ఎక్కిందా? … మల్ల సగంలనే ఆగిందా! పొద్దుగాల్ల సంది ఎన్నిసార్లు ఎక్కించిన్రే? … అన్నిసార్లు మందు ఎక్కిస్తే వేడెక్కదా మరి? గిరి సారుకేమన్న పిచ్చా? జరసేపు ఆపుమను. ఎల్లుండి నేనొస్త గద. నా చేత్తోని నేనే ఎక్కిస్త. ఎట్ల ఎక్కదో చూస్త!”

గోడ అవతల చిన్నమ్మ బక్కమ్మ కందులు చెరుగుతోంది. ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

బక్కమ్మ మామూలు మనిషి అయితే ఈ మాట విని నవ్వుకుని, నలుగురికి చెప్పి నవ్వించేది. కానీ ఆమె లచ్చయ్య పెండ్లాం. లచ్చయ్య కురుమయ్యకు సొంత తమ్ముడు. బంగారం లాంటి మనిషి, గొర్రె ఈనితే పక్కన కూర్చుని దానితో మాట్లాడేవాడు. మందు మరిగాడు. మొదట పండుగకు, తర్వాత సంతకు, ఆ తర్వాత సాకు కూడా అక్కర్లేకుండా. మహబూబ్‌నగర్ దవాఖానలో పొట్ట ఉబ్బి పోయాడు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన రోజు కురుమయ్య వాకిట్లో నిలబడి, “మందు మీద వచ్చే మెతుకు ఈ ఇంట్ల ఎవ్వరు ముట్టద్దు” అన్నాడు. అప్పటి నుంచి ఆయన పండుగ నాడు కల్లు కూడా ముట్టలేదు.

పొద్దు గూకే వేళకు మందను దొడ్లో తోలి, కాళ్ళు కడుక్కుని, కురుమయ్య కూతుర్ని పిలిచాడు. గుర్వమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. బక్కమ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

“నీళ్ళ ట్యాంకులల్ల మందెందుకు బిడ్డా?”

మందు అన్న మాట నాయిన నోటికి ఎట్లా వచ్చింది? లోపలి సంగతి బయటపడిందా? తన వల్లనేనా?

“ఎవరు చెప్పిన్రు నాయినా?” అంది.

దొరికిపోయినవాళ్ళు అడిగే ప్రశ్న సరిగ్గా అదే. గుర్వమ్మ నెత్తి కొట్టుకుంది. “అంటే నిజమేనాయె! ఇన్నేండ్లు మమ్ముల నీళ్ళల్ల ముంచినవా?”

“నా చెవులార విన్న బావా” అంది బక్కమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. “నా చేత్తోని ఎక్కిస్త అన్నది. నా మొగనికి గూడ గట్లనే తలా ఇంత ఎక్కించిన్రు. ఆళ్ళు బయటోళ్ళు. నువ్వు ఇంటిబిడ్డవు గదనే!”

“చిన్నమ్మా, అది గాదు…”

“ఏది గాదు? చెప్పు” అన్నాడు కురుమయ్య. “గాదంటే గాదని నోరిడిచి చెప్పు. నమ్ముత.”

చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ గేటు దగ్గర విన్న మాట నాలుక మీద బండలాగా కూర్చుంది. స్నేహలత తల ఊపింది. ఔననో కాదనో ఆమెకే తెలియకుండా ఊపింది.

కురుమయ్య గొంగడి భుజాన వేసుకున్నాడు. “నువ్వింక ఆడికి పోకు. గొర్లున్నయి, చెలక ఉన్నది, బతకలేమా?” అని దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

తెల్లవారి స్నేహలత ఊరి బయట బీడు దాకా నడిచి వెళ్ళి గిరికి ఫోన్ చేసింది. ఇన్ని మాటలు ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. “సార్, నేను రాలేనేమో సార్” అని మొదలుపెట్టి, ఏడుస్తూ, మధ్యమధ్య ఆగుతూ జరిగిందంతా చెప్పింది. అవతల ఏదో విరిగినట్టు వినపడింది. గిరి నవ్వు ఆపుకోలేక టేబుల్ గుద్దుతున్నాడు.

“సుస్మితతోని నాకు పిచ్చా అన్నవంట గదా, అదొక్కటి చెప్పకుంటివి! … ఏయ్, ఏడువకు. స్నేహలతా, మన గేటు మీద బోర్డున్నది, చూసినవా ఎప్పుడన్న?”

“చూసిన సార్.”

“దాని మీద ట్యాంకు బొమ్మ ఎంతున్నది? మన స్టాపుల దిగేటోళ్ళను ఆటోడు ఏమంటడు? ‘యుద్ధం ట్యాంకులకాడనా’ అంటడు. గోడకు గూడ తెలుసు మనమేం చేస్తమో. కొలతలు చెప్పద్దంటి, లోపలి పనితనం చెప్పద్దంటి, పరీక్షల ఏమైందో చెప్పద్దంటి. అమ్మనాయినలకు పని పేరు గూడ చెప్పద్దని ఎవరన్నరే?”

నిజమే, ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళు లేని తాళం తనే వేసుకుని, తాళంచెవి కోసం వెతుక్కుంటూ తిరిగింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. బీడులో ఎవరూ లేకపోయినా కొంగు కప్పుకుంది.

దొడ్లో కురుమయ్య గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాడు. కాళ్ళ సందున గొర్రెను బిగించి, వెదురు గొట్టంతో నోట్లో పోస్తున్నాడు. కూతురు వచ్చినా తల ఎత్తలేదు. స్నేహలత వెళ్ళి తర్వాతి గొర్రె దవడ పట్టుకుంది.

“నాయినా, నేను చేసేది నీళ్ళ ట్యాంకు గాదు. యుద్ధం చేసే ట్యాంకు. టీవీల చూస్తవు గదా, చక్రాల చుట్టు ఇనుప పట్టా తిరుగుకుంట పోతది, ముంగట ఫిరంగి ఉంటది.”

ఆయన గొట్టం తీసి కడిగాడు. “నిన్న నీళ్ళయి. ఇయ్యాల యుద్ధంయి. రేపు?”

“నిన్న నేను చెప్పలే. మీరనుకుంటే ఊకున్న. మందంటే తాగే మందు గాదు, తుపాకి మందు. గుండు ముందు ఎక్కిస్తం, మందు ఎనక ఎక్కిస్తం. గదే మాట్లాడిన ఫోన్ల.”

కురుమయ్య మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. “గీడ దొరికినవు. మా తాతకు నాటు తుపాకి ఉండె. మంద మీదికి తోడేలొస్తే కాల్చేటోడు. నేను కండ్లార చూసిన. ముందు మందు పోస్తరు, తర్వాత గుండేస్తరు. నువ్వు ఉల్టా చెప్తున్నవు. అబద్ధమాడినా అతికేటట్టు ఆడాలె.”

స్నేహలతకు కన్నీళ్ళ మధ్యలో నవ్వొచ్చింది. ఆయన చేతిలోని వెదురు గొట్టం తీసుకుంది. కింద ఎండిన గొర్రె పెంటిక ఒకటి ఏరింది.

“తాత తుపాకిల ఏడికెల్లి పోస్తుండె?”

“మూతికెల్లి.”

“ఆ. మూతికెల్లి ఏస్తే మందు ముందు పోవాలె, అడుగుకు చేరాలె గద. మాది గట్ల గాదు నాయినా, ఎనక తలుపుంటది. ఎనకకెల్లి ఏస్తం.” గొట్టం వెనక వైపు నుంచి పెంటికను తోసింది. దాని వెనక ఇంత ఉన్ని ఉండ చుట్టి కుక్కింది. “గిది గుండు. గిది మందు. ఇప్పుడు ఎనకకెల్లి చూడు, ఏది ముందు పోవాలె?”

కురుమయ్య గొట్టం తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మూతి వైపు నుంచి చూశాడు, వెనక వైపు నుంచి చూశాడు. తాత తుపాకిని మనసులోనే తలకిందులు చేస్తున్నాడు కాబోలు, పెదవులు కదిలాయి. గొర్రె ఒకటి వచ్చి ఆయన మోచేతిని నాకింది.

“ఔ గదనే!” అన్నాడు చివరికి. “ఎనకకెల్లి అయితే గుండే ముందు పోవాలె.” గొట్టం తిరిగి ఇచ్చి, “గిది తాగినోళ్ళకు తోచే ముచ్చట గాదు” అన్నాడు. “మరి నిన్న నోరిడిచి చెప్తె ఏం పోయింది నీ సొమ్ము?”

“చెప్పరాదేమో అనుకున్న నాయినా.”

“నాతోనా?” అన్నాడాయన. స్నేహలత ఇంకో గొర్రెను ఆయన ముందుకు తోసి దవడ పట్టుకుంది.

బక్కమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అంతా విన్నాక కందుల చాట పక్కన పెట్టి, “అయితే గిది తాగే మందు గాదు, పేలే మందు. అది గూడ సంపే మందేనాయె” అంది.

కురుమయ్య ఏదో అనబోయాడు. స్నేహలతే మాట్లాడింది. “నిజమే చిన్నమ్మా. నేను గూడ అనుకుంట ఒక్కోసారి. నేను మందు చెయ్య, అది పోయే తొవ్వ చేస్త. తొవ్వల మందు అడ్డం తిరిగి ఆగితే, ముందు లోపలున్న పిల్లలకే ముప్పు. నేను బిగించేటప్పుడు ఆళ్ళనే తలుసుకుంట. ఆవలోళ్ళ సంగతి నాకు తెల్వదు.”

“లోపల ఎంతమంది?”

“ముగ్గురు. మొదలు నలుగురుంటుండె. ఒకని పని మిషను చేస్తది.”

“మరి ఆ ఒక్కడు?”

“ఆడు ఆ బండిల ఉండడు.”

బక్కమ్మ ఆ మాటను నోట్లో వక్కపలుకులా అటూ ఇటూ తిప్పుకుంది. “అంటే ఒకని తల్లన్న కంటినిండ నిద్ర పోతది” అంది. తర్వాత లేచి లోపలికి పోయి జొన్నపిండి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. “ఆ ఇసుకల తిండి ఏం దొరుకుతదో. కటకరొట్టెలు చేసిస్త, వారం దినాలైనా చెడిపోవు. పల్లికారం గుర్వమ్మక్క దంచుతది. పోతే పో గని, ఫోన్ల మాత్రం ఆ మాటలు మాట్లాడకు తల్లీ, నా పానం ఆగదు.”

మర్నాడు కొత్తకోట రోడ్డు దాకా కురుమయ్యే వచ్చాడు, రొట్టెల మూట తనే మోస్తూ. ఛాయ్ హోటల్ ముందు నిలబడితే హోటలాయన పలకరించాడు.

“ఏం కురుమన్నా, బిడ్డ మల్ల నీళ్ళ ట్యాంకులకాడికేనా?”

“నీళ్ళయి గావు.”

“మరేం ట్యాంకులు?”

కురుమయ్య కూతురి వైపు చూశాడు. చెప్పొచ్చు అన్నట్టు ఆమె కళ్ళతోనే అంది. ఆయన మాత్రం మీసం సర్దుకున్నాడు. “గది చెప్పరాదు. పెద్ద ముచ్చట” అన్నాడు. చెప్పకపోవడంలో ఇంత రుచి ఉందని ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది. బస్సు వచ్చేలోగా ఇంకో ఇద్దరికి కూడా, వాళ్ళు అడగకుండానే, “చెప్పరాదు” అని చెప్పాడు.

కంపెనీకి వెళ్ళిన రోజు నుంచి మిషనును లారీ ఎక్కించే దాకా అందరూ మందు సంగతి మీదే కూర్చున్నారు. తప్పు గొలుసులో లేదు, ఇంకో చోట ఉంది. పట్టుకుంది సుస్మిత, సరిచేసింది అందరూ కలిసి. ఏం చేశారన్నది కంపెనీ గుట్టు.

రాజస్థాన్‌లో పగలు ఇసుక కాలేది, పొద్దున మంచులా ఉండేది. స్నేహలత బూట్ల నిండా ఇసుక. పరీక్ష రోజు బండి దూరంగా దిబ్బల మధ్య ఉంది. కంపెనీ వాళ్ళు డేరాలో నిలబడి చూస్తున్నారు. ఫిరంగి మోగినప్పుడల్లా స్నేహలత పిడికిలి బిగించేది. మళ్ళీ మోగేదాకా వదిలేది కాదు. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. పక్కన గిరి పెదవులతో ఏదో చెప్పుకుంటున్నాడు. దేవుడి పేరో, ఎక్కమో తెలియలేదు. మధ్యాహ్నానికి ముగ్గురు కుర్రవాళ్ళు ముఖాల నిండా దుమ్ముతో బండి దిగి వచ్చారు. ఒకడు నవ్వుతూ హిందీలో తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. స్నేహలత మూట విప్పింది. బక్కమ్మ రొట్టెలు అప్పడాల్లా విరిగాయి. పల్లికారం తిని ఆ అబ్బాయికి కళ్ళ నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపాడు.

ఆ సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

“స్నేహా, మంచిగున్నవా?”

“మంచిగున్న నాయినా. ఇయ్యాలనే పరీక్ష…”

“ఆగాగు. అది చెప్పకు, నేనడుగ.” కురుమయ్య గొంతు తగ్గించాడు, ఎడారి అంతా చెవులు పెట్టి వింటున్నట్టు. “నీ గొంతు వింటే నాకు సమజైంది. గది ఇడిచిపెట్టు. ఆడ గొర్లున్నయా?”

“ఉన్నయి నాయినా, శాన ఉన్నయి. పొద్దున మంద ఒకటి మా డేరా ముంగటికెల్లి పోయింది.”

“ఎట్లుంటయి? మన నల్లగొర్ల తీరుగనేనా?”

“గాదు. మొకం ఒక్కటే నలుపు. ఒళ్ళంత తెలుపు. ఉన్ని మస్తుగుంటది.”

“మొకం ఒక్కటే నలుపా!” కురుమయ్య అక్కడే వెనక్కి తిరిగి, “ఇన్నవానే, ఆడి గొర్లకు మొకం ఒక్కటే నల్లగుంటదంట” అని గుర్వమ్మకు చెప్పడం వినపడింది. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చాడు. “మరి గా ఇసుకల ఏం మేస్తయే?”

స్నేహలత బూట్లు విప్పి, ఇసుక దులిపి, దిబ్బ మీద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. తుప్పల గురించి, ముళ్ళ చెట్ల గురించి, ఎర్ర పాగా చుట్టుకున్న గొర్లకాపరి ఈల గురించి. ఎవరూ తోడకుండానే మాటలు వస్తూ ఉన్నాయి.